ఉగాదికే ముగిసిన సంవత్సరం

దమయంతమ్మకు భర్త మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. విశ్వపతిగారికి పేకాట లేదు, పొడుం లేదు, ముక్కు మీద కోపం అసలే లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే మజ్జిగ మరికాస్త పోసుకుని లేచిపోయే రకం. ఉన్నదల్లా ఒకటే ఇబ్బంది. రేపు జరగబోయేది ఆయనకు క్షుణ్ణంగా తెలుసు, నిన్న జరిగింది మాత్రం గుర్తుండదు. "వచ్చే భాద్రపదంలో ఏటికి వరదొచ్చింది. నష్టం స్వల్పం," అంటారు పడక్కుర్చీలో వెనక్కి వాలి. నిన్న సంతలో తెమ్మన్న చింతపండు ఏదండీ అంటే, "చింతపండా?" అని దూలాల వంక చూస్తారు. జోస్యుడితో కాపురం చేసే ఆడవాళ్ళు కూడా లోకంలో ఉంటారు. కానీ జోస్యుడికి తన మాట తప్పుతుందేమోనన్న బెంగయినా ఉంటుంది. ఈయనకు అదీ లేదు. ఈయన జోస్యుడు కాడు, ప్రభుత్వం.

ఆ ప్రభుత్వం సంగతి కొంచెం చెప్పుకోవాలి.

కనకావతి రాజ్యం ఎక్కడుందో చూపించడానికి ఎవరైనా పటం మీద వేలు పెడితే, ఆ వేలి కింద రాజ్యమంతా మునిగిపోయి, పక్క రాజ్యాలు కూడా కాస్త నలిగేవి. అయినా ఒక రాజ్యానికి ఉండవలసిన శాఖలన్నీ దానికి ఉన్నాయి. ఏటా అన్ని శాఖల సంగతులూ పోగుచేసి, ఆ సంవత్సరంలో దేశం ఎలా బతికిందో ఒక పుస్తకంగా అచ్చు వేయించి పై సర్కారుకు పంపాలి. ఆ పుస్తకం ఎప్పుడూ మూడేళ్ళు ఆలస్యంగానే వెళ్ళేది. వరద నివేదిక చేరేసరికి ఏరు రెండుసార్లు ఎండిపోయి ఉండేది. విరోధికృతు సంవత్సరంలో పై సర్కారుకు విసుగొచ్చి ఘాటుగా ఒక తాఖీదు పంపింది.

దివాన్‌గారు మేధావి. గత పదేళ్ళ నివేదికలు బల్ల మీద పక్కపక్కన పెట్టించి చూశారు. అట్ట మీద సంవత్సరం పేరు తప్ప వాటిలో అక్షరం తేడా లేదు.

"ఏ మార్పును లేనిదాని కొరకు ఏడాది పొడుగునా వేచియుండుట పాలనాదక్షత అనిపించుకొనదు," అన్నారాయన. "రాబోవు పరీధావి సంవత్సరపు నివేదికను పరీధావి ప్రారంభము కాకమునుపే ముద్రించెదము. ఇక ఆలస్యమన్న మాటకు తావుండదు."

ఆ పని కోసం సంవత్సర కచేరీ అని ఒకటి వెలిసింది. చేతిరాత ముత్యాలకోవ, ఎదురుప్రశ్న వేసే అలవాటు లేదు గనక విశ్వపతిగారు దానికి అధిపతి అయ్యారు. ఆయన పాత పుస్తకం ముందు పెట్టుకుని ఏడాదంతా నెల రోజుల్లో గడిపేశారు.

ఉగాదినాడు కొలువుకూటంలో ప్రజలు వేపపువ్వు పచ్చడి నాలిక్కి రాసుకుని కూర్చున్నారు. ఆస్థాన సిద్ధాంతిగారు పంచాంగం విప్పబోతే దివాన్‌గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సిద్ధాంతిగారూ, మీది ఊహ. మాది రికార్డు."

"చిత్తం. మరి ఆదాయవ్యయాలు, రాజపూజ్యావమానాలు ఎవరు చదువుతారండీ?"

"పూజ్యములు ప్రభుత్వము వద్ద భద్రముగా నున్నవి. అవమానములు ప్రజలకు యథాపూర్వము," అని దివాన్‌గారు విశ్వపతిగారికి సైగ చేశారు.

విశ్వపతిగారు లేచి రాబోయే ఏడాదిని చదివి వినిపించారు. వర్షములు సకాలమున కురిసెను. జ్యేష్ఠమున మూడు దొంగతనములు జరిగెను, మూడును పట్టుబడెను. పట్టపుటేనుగు శ్రావణమున సుఖముగా ఈనెను. ప్రజలు సంతుష్టులై యుండిరి. ముసలివాళ్ళు కొందరు, ఏడాది ఏ ఉపద్రవమూ లేకుండా గడిచిపోయినందుకు దణ్ణం పెట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ నివేదికను పరీధావి సంవత్సరం చదవలేదు. దాని దోవన అది నడవడం మొదలుపెట్టింది. వైశాఖంలో, ఎవరూ పిలవకుండానే, కుంభవృష్టి కురిసింది. పుస్తకంలో వైశాఖం పొడి. కాబట్టి ఆ పూట గొడుగు వేసుకుని బజారుకొచ్చిన వాళ్ళను ప్రభుత్వ రికార్డును ఖండించిన నేరం కింద ఆపి, గొడుగులు మడిపించారు. తడిసిన వాళ్ళను ఏమీ అనలేదు. వాళ్ళు తడవలేదు కదా.

ఇటువంటివి ముదరకుండా సంవత్సరాన్ని పుస్తకం వెంట నడిపించడానికి యథాలిఖిత శాఖ పుట్టింది. జ్యేష్ఠం నెలాఖరుకు వచ్చినా దొంగతనాలు రెండు దగ్గరే ఆగిపోయాయి. ఆ శాఖవారు పోలీసు జవానును వెంటబెట్టుకుని గవరయ్య ఇంటికి వెళ్ళారు. గవరయ్య ఒకప్పుడు పేరున్న దొంగ. చూపు మందగించాక మానేసి పగ్గాలు పేనుకుంటున్నాడు. తర్వాత సంగతి దమయంతమ్మకు పాలు పోసే నరసమ్మ చెప్పింది. ఆవిడ గవరయ్య పక్కింట్లోనే ఉంటుంది.

"నాకు రేచీకటి బాబయ్యా, రేత్రి కన్నం ఎయ్యలేను," అన్నాడట గవరయ్య.

"పగలే వెయ్యవోయ్. మేం అటు తిరిగి నిలబడతాం. దివాన్‌గారి కంచుచెంబు అరుగు మీద పెట్టించాం."

"అట్టుకుంటే కొడతారు గదండీ?"

శాఖవారు పుస్తకం తిరగేశారు. "కొట్టినట్టు రాయలేదు."

గవరయ్య చెంబు తీసుకున్నాడు, పట్టుబడ్డాడు, తాంబూలం పుచ్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "పై ఏడాది కూడా నాకే ఇప్పించండి బాబూ, బయటోళ్ళకి ఇయ్యకండి," అని కోరాడట.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం విశ్వపతిగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఏమే, బాలింత కాయం చెయ్యాలి. నీ చేతి కాయమే కావాలన్నారు దివాన్‌గారు. కాస్త ఎక్కువే చెయ్యాలి."

"అలాగే. ఎవరు నీళ్ళాడారండీ?"

"రంగనాథం."

"ఏ రంగనాథం?"

"పట్టపుటేనుగు."

దమయంతమ్మ చేతిలో గరిట కింద పెట్టింది. "అది మగది కదండీ."

"నాకు తెలుసు. కానీ ఈనింది."

"ఎప్పుడు?"

"వచ్చే శుక్రవారం."

ఎప్పుడో లక్ష్మి అనే ఆడ ఏనుగు ఉన్న రోజుల్లో ఒక ఏడు రాసిన వాక్యం అది. లక్ష్మి పోయింది, వాక్యం ఉండిపోయింది. నివేదికల ప్రకారం రాజ్యంలో ఈపాటికి ఏనుగుగున్నల మంద తిరుగుతూ ఉండాలి. ఆ గున్నలు ఏవని అడిగినవాడు ఇంతవరకు లేడు.

దమయంతమ్మ శొంఠి, పిప్పళ్ళు దంపించి, బెల్లం పాకం పట్టి, నెయ్యి పోసి గంగాళం నిండా కాయం చేసింది. బాలింతకు చెవుల్లో గాలి చొరకూడదు గనక గుడ్డ కట్టమన్నారు. రంగనాథం చెవులకు కట్టడానికి మహారాజావారి వేట డేరా విప్పవలసి వచ్చింది. అది తలకు డేరా చుట్టుకుని, కళ్ళు అరమోడ్చి, కాయం ముద్దలు మింగుతుంటే చూసి వచ్చిన దమయంతమ్మ సామాన్ల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. అంతవరకు ఆవిడకు ఇదంతా మంచి కాలక్షేపంగానే ఉంది.

నవ్వు ఆగిపోయింది వాళ్ళమ్మాయి హైమవతి వల్ల.

హైమవతికి పదహారేళ్ళు. ఒక్కతే పిల్ల. విశ్వపతిగారు సరదాగా లెక్కలు మొదలుపెట్టించారు. ఆ సరదా ముదిరి బీజగణితం దాకా వచ్చింది. మార్గశిరంలో జరిగే మెట్రిక్యులేషన్ పరీక్షకు ఆ రాజ్యంలో ఆడపిల్ల కూర్చున్న సంప్రదాయం లేదు. అయితే కూర్చోకూడదన్న నిషేధమూ లేదు. ఎవరూ అనుకోని పనికి నిషేధం దేనికి? "ఈ ఏడు నువ్వు రాస్తావమ్మడూ," అని నాన్నగారే అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల తెల్లవారుజామునే లేచి చదువుతోంది. పెళ్ళిసంబంధాల మాటెత్తిన మేనత్తను, "పరీక్ష అయ్యాక అత్తయ్యా," అని నవ్వుతూనే రెండుసార్లు వెనక్కి పంపింది.

కార్తీకంలో ఒకనాటి సాయంత్రం హైమవతి ఆ పుస్తకం తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. వేలు ఒక వాక్యం మీద ఉంది.

విశ్వపతిగారు అలవాటుకొద్దీ పైకి చదివారు. "విద్యాశాఖ. పరీక్షకు హాజరైన బాలికలు లేరు. తప్పిన బాలికలును లేరు. ఫలితము తృప్తికరము." చదివి అద్దాలు తీశారు.

"ఇదేమిటి నాన్నగారూ?"

"పాత వాక్యమమ్మా. అలాగే దిగిపోయింది."

"దింపిందెవరు?"

"నేనే. చేత్తో దింపాను, చూసి కాదు."

"అయితే కొట్టెయ్యండి."

"అచ్చయ్యాక కొట్టెయ్యడమంటే జరిగిపోయినదాన్ని జరగలేదనడం కదమ్మా."

"ఇంకా జరగలేదు కదండీ."

విశ్వపతిగారు ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "పై ఏడాది చూద్దాం," అన్నారు. అంతలోనే ఆయన మొహం వాడిపోయింది. కాగితం చవగ్గా దొరికిందని దివాన్‌గారు మరో అయిదు సంవత్సరాలు ఒక్కసారే అచ్చు వేయించేశారు. ఆ అయిదింటిలోనూ బాలికలు లేరు. ఏనుగు మాత్రం అన్నింటిలోనూ ఈనింది.

హైమవతి ఏడవలేదు. పుస్తకం మడిచి గూట్లో పెట్టి, దీపం దగ్గర కూర్చుని రేఖాగణితం తీసింది. తనకు ఇక లేని పరీక్షకు చదువుకుంటున్న ఆ పిల్ల వీపు వంక చూసింది దమయంతమ్మ. చూసి, వంటింట్లోకి వెళ్ళి, రేపటికి నానబెట్టిన పప్పు నీళ్ళు వంపేసి గుడ్డ మీద ఆరబోసింది.

మర్నాడు విశ్వపతిగారు మడి కట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నారు. ముందు విస్తరి ఉంది. విస్తట్లో ఏమీ లేదు. "వడ్డించవేమే?" అన్నారు.

"ఇంకా కూర్చున్నారేమండీ? చెయ్యి కడుక్కోండి."

"విస్తరి ఖాళీగా ఉందే!"

"తిన్నాక ఖాళీగానే ఉంటుంది కదండీ."

"నేనెప్పుడు తిన్నాను?"

"ఉగాదినాడు. ఏడాది వంట ఆవేళే అయిపోయింది. ఇవాళ గుత్తివంకాయ కూర, మామిడికాయ పప్పు. పప్పు మారు అడిగారు కూడా."

"కార్తీకమాసంలో మామిడికాయ ఎక్కడిదే?"

"నిరుటి వాక్యమండీ. అలాగే దిగిపోయింది."

విశ్వపతిగారు దీన్ని తీవ్రంగా పరిగణించారు. "ఇది పరిహాసం," అన్నారు.

"పరిహాసం కాదండీ, పాలన. ఒక్క పూట వంట కోసం ఏడాదంతా పొయ్యి ఊదుతూ కూర్చోవడం దక్షత అనిపించుకోదు."

ఆయన ఉత్తరీయం వేసుకుని సూరమ్మగారి పూటకూళ్ళ ఇంటికి వెళ్ళారు. సూరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇదేం నాయనా! ఇంట్లో గుత్తివంకాయ తిని వచ్చి మళ్ళీ ఇక్కడ కూర్చుంటానంటావు? నరసమ్మ చెప్పిందిలే. అజీర్తి చేసి చస్తావు, పో!"

నాలుగు రోజులు గడిచాయి. రాత్రిపూట ఆయన మంచం పక్కన పాలగ్లాసు, రెండు అరటిపళ్ళు కనిపించేవి. వాటిని ఎవరు పెట్టారో ఏ శాఖా నమోదు చేయలేదు. దమయంతమ్మకు కూడా ముద్ద దిగలేదు. అయిదో రోజు విశ్వపతిగారు జీవితంలో మొదటిసారిగా, పిలవకుండా, దివాన్‌గారి దగ్గరకు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"సాధించానే! అమ్మాయిని రానివ్వమన్నారు."

"నిజంగా?"

"నిజంగానే. వస్తుంది, కూర్చుంటుంది, రాస్తుంది. అయితే రానట్టు నేను అక్కడే ధ్రువీకరించాలి. పుస్తకమూ నిలిచింది, పిల్లా సంతోషించింది."

"రాసింది ఎవరు దిద్దుతారు?"

"దిద్దరు. రానివాళ్ళ కాగితం ఎలా దిద్దుతారే? కానీ అనుభవం వస్తుంది కదా."

దమయంతమ్మ తల్లీకూతుళ్ళకు మాత్రమే అర్థమయ్యే చూపు ఒకటి కూతురి మీదకు పంపింది. హైమవతి నెమ్మదిగా, "నేను వస్తాను నాన్నగారూ," అంది.

దమయంతమ్మ ఆ పూట వంట చేసింది. భర్త ముందు విస్తరి వేసి వేడివేడిగా వడ్డించింది. పంతం చాలించిందనుకున్నారాయన. కానీ దివాన్‌గారి ముందు ధ్రువీకరించే మనిషి నీరసంతో పడిపోకూడదని ఆవిడ ఆలోచన. ఏం చేసినా ఆయన ఒంటి మీద స్పృహతో చెయ్యాలి.

పరీక్షనాడు తల్లీకూతుళ్ళు గూడుబండిలో హైస్కూలుకు వెళ్ళారు. దమయంతమ్మ వరండాలో, కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుంది. లోపల హెడ్మాస్టరు బసవరాజుగారు మగపిల్లలకు ఆజ్ఞలు ఇస్తున్నారు.

"ఆ మూల బల్ల వైపు ఎవరూ చూడకూడదు. అక్కడ ఎవరూ లేరు."

పిల్లలందరూ ఏకముఖంగా ఆ మూల బల్ల వైపు చూశారు. అక్కడ హైమవతి కూర్చుని ఉంది.

లెక్కల ప్రశ్నపత్రాలు పంచుతూ వచ్చిన ఉపాధ్యాయుడు ఆ బల్ల మీద ఒకటి మరిచిపోయినట్టుగా వదిలేసి వెళ్ళాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ సిరా పోసే బంట్రోతుకు మరిచిపోయినట్టు పోయడం చేతకాలేదు. అందరి బుడ్లూ నింపి ఆ బల్ల దాటి వెళ్ళిపోయాడు.

"మాస్టారూ, సిరా," అంది హైమవతి.

బసవరాజుగారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఇవాళ గాలి బాగా వీస్తోంది," అన్నారు ఎవరితోనో. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు దివాన్‌గారు వచ్చారు, వెనుక విశ్వపతిగారు. ముందు బల్ల మీద నిండు సిరాబుడ్డి, కొత్త కలం, ముందే రాసి ఉంచిన ధ్రువపత్రం. అందరి ఎదుటా పైకి చదివి సంతకం చేయడం అక్కడి ఆచారం.

విశ్వపతిగారు కాగితం ఎత్తి పట్టుకున్నారు. "పరీధావి నామ సంవత్సర మార్గశిర మాసమున జరిగిన పరీక్షా సందర్భమున..." గొంతు ఉగాదినాటి లాగే ఖంగుమంటోంది. కిటికీ అవతల దమయంతమ్మ కళ్ళు మూసుకుంది. "...ఈ మందిరమున నేను స్వయముగా పరిశీలించి చూడగా..."

"సిరా కావాలండీ," అంది హైమవతి మళ్ళీ. ఈసారి గొంతులో తొందర ఉంది. "నాలుగో లెక్క నోటితో తేలిపోయింది. రాసుకోకపోతే పోతుంది."

"ఏ పద్ధతిలో చేశావు?" అన్నారు విశ్వపతిగారు.

మగపిల్లల కలాలన్నీ ఆగిపోయాయి. అన్నానని ఆయనకే తెలియలేదు. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం అడిగే ప్రశ్న. నోరు దానంతటది అడిగేసింది.

"మీరు చెప్పింది కాదు నాన్నగారూ. దగ్గరి దారి ఉంది."

"దగ్గరి దారా?" అంటూ ఆయన ఒక అడుగు ముందుకు వేశారు.

దివాన్‌గారు దగ్గారు. "విశ్వపతిగారూ, తాము ఎవరితో సంభాషించుచున్నారు?"

విశ్వపతిగారు చేతిలో కాగితం వంక చూశారు. తర్వాత మూల బల్ల వంక చూశారు. హైమవతి ఎండు కలం పట్టుకుని, నోట్లో అంకెలు జారిపోకుండా గొణుక్కుంటూ, ఆయన వైపే చూస్తోంది.

"మా అమ్మాయితోనండీ."

"ఎక్కడ ఉన్నది?"

ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. సంతకానికని పెట్టిన సిరాబుడ్డిని రెండు చేతులా తీసుకుని, ఒలకకుండా, వరసల మధ్య నుంచి నడిచి వెళ్ళి కూతురి ముందు పెట్టారు. "ఇదిగోనండీ. ఇక్కడ ఉంది."

హైమవతి కలం ముంచి, ఇంకెవరి వంకా చూడకుండా రాసుకోవడం మొదలుపెట్టింది.

"గ్రంథమున లేదే!" అన్నారు దివాన్‌గారు.

"గ్రంథం తప్పండీ."

"గ్రంథము రచించినది తామే కదా?"

"అవునండీ. అయితే తప్పు నాది."

దివాన్‌గారు కంగారుగా చుట్టూ చూశారు. "మెల్లగా అనుడు, మెల్లగా. ప్రభుత్వమువారు తప్పు చేసిరని బాలురు విందురు."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో దమయంతమ్మ భర్త గొంతు పెంచడం వినలేదు. ఇప్పుడు విన్నది. ఆయన కిటికీ వైపు తిరిగి, వరండా దాకా, వరండా అవతల గూడుబండి దాకా వినిపించేటట్టు అన్నారు.

"తప్పు నాదేనే!"